నెల్లూరు సీమలో రెండు కార్లు: వాన, పైరు, మంద

మన పాఠశాలలో ఏ తరగతి హాజరుపట్టీని తీసికొని చూచినను, అందు మన సీమ సేద్యపు లెక్క కొంత కానవచ్చును. గోదావరి, కృష్ణా మండలములలో జూలై, ఆగస్టు మాసములు నాట్ల కాలము. ఆ నెలలలో మన బల్లలు నిండియే యుండును. నవంబరు వచ్చినంతనే బల్లల చివరలు ఖాళీ యగుటకు మొదలిడును. డిసెంబరులో కొందఱు కాళ్ల బురద ఆరకుండనే వచ్చి కూర్చుందురు. మరల మార్చి మాసమున కోతలు. ఈ పట్టీని చూచి మేము పిల్లలను మందలించుట మానలేదు. కాని మందలించుటకు ముందు అది యేమి కాలమో మేమును నేర్చికొనుట మంచిదని తోచినది. అందులకు ఇద్దఱు విద్యార్థుల ప్రశ్నలు మాకు దారి చూపినవి.

మొదటి ప్రశ్న భూగోళపాఠమున వచ్చినది. ఋతుపవనము జూన్ మాసమున ప్రవేశించునని చదువుచుండగా, కోవూరు వైపు నుండి వచ్చు బాలు డొకడు లేచి, "అయ్యవారూ, జూన్‌లో మనకు ఎండలే గదా! మా నాయన దసరా దాటినదాకా నారు పోయడు. పుస్తకము తప్పా, మా నాయన తప్పా?" అని యడిగెను. రెండవ ప్రశ్న మార్చి నెలలో వచ్చినది. అదే బల్లపై వాని ప్రక్కన కూర్చుండు మెట్టప్రాంతపు పిల్లవాడు, గొఱ్ఱెల కాపరి కుమారుడు, మెల్లగా, "ఈ ఏడు ఎడగారుకు నీళ్లు వదలుదురా, అయ్యవారూ?" అని యడిగెను. వదలవలెనని వాని కోరిక యనుకొని, "వదలుదురనియే వినుచున్నాము" అంటిమి. వాని ముఖము చిన్నబోయెను. ప్రక్కవాడు మాత్రము సంతోషించెను. ఒకే నీరు ఒకే బల్లపై నున్న ఇద్దఱిలో ఒకనికి మేలును, మఱియొకనికి చిక్కును ఎట్లు కాగలదో ఈ వ్యాసమున విచారింతము.

మొదట వాన సంగతి. పుస్తకమును తప్పు కాదు, నాయనయు తప్పు కాదు. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు వీచు నైరృతి గాలి అరేబియా సముద్రపు తేమను మోసికొని వచ్చి పడమటి కనుమలను తాకును. అచ్చట పైకెగసి చల్లబడి, తన బరువులో పెద్దభాగమును మలబారు, కన్నడ తీరములందే దింపుకొని, తేలికయై మనవైపు దిగును. దిగు గాలి వేడెక్కును గాని కురియదు. అందుచేత ఆ నెలలలో మనకు వచ్చునవి సాయంకాలపు ఉఱుముల జల్లులే. అక్టోబరు నడుమ గాలి తిరుగును. అప్పుడు ఈశాన్యము నుండి బంగాళాఖాతము మీదుగా వచ్చు గాలి తేమను నేరుగా మన తీరమునకే తెచ్చును. నెల్లూరు జిల్లాకు ఏటికి సగటున కురియు వాన సుమారు 1080 మిల్లీమీటర్లు. అందు పదింట ఆఱుపాళ్లు అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములందే పడును. తెలుగునాట తక్కిన సీమలకు వాన నిలిచిపోవు కాలమున మనకు మొదలగునన్నమాట.

ఆ వాన సన్నగా, సమముగా పడునది కాదు. వాయుగుండము లేర్పడినప్పుడు రెండు మూడు దినములు కుండపోతగా కురిసి, పిదప పది పదునైదు దినములు మబ్బు తునకయైనను లేక యుండును. నెలకు ఇంత యను సగటు లెక్క కాగితముపై నెమ్మదిగా కనబడును. పొలమున ఆ నెమ్మది లేదు.

మన రైతులు ఈ కాలమును నెలలతో గాక కార్తెలతో కొలుతురు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమునందుండు కాలము ఒక కార్తె. ఏటి 365 దినములను 27 నక్షత్రములచే భాగించినచో ఒక్కొక్కటికి పదుమూడున్నర దినములు వచ్చును. చిన్న తరగతులవారు ఈ లెక్కను పలకపై చేసి చూడవచ్చును. చిత్త, స్వాతి కార్తెలు అక్టోబరునను, విశాఖ, అనూరాధలు నవంబరునను, జ్యేష్ఠ, మూల డిసెంబరునను వచ్చును. సూర్యుని గమనమును బట్టి వచ్చునవి గనుక ఇవి ఏటేట ఇంచుమించు అవే తేదీలకు వచ్చును. పండుగలవలె వెనుకకు ముందునకు జరుగవు. కృషికునకు ఇంతకంటె సులభమైన పంచాంగము లేదు. కార్తె పేరు చెప్పి వాన తప్పక కురియునని పందెము వేయువారిని మాత్రము నమ్మరాదు. కార్తె కాలమును కొలుచును, వానను పిలువలేదు.

ఇక పైరు. మన పెద్దకారు వరి. ఎకరమునకు ఐదు సెంట్ల నారుమడియు, ఇరువది నుండి ఇరువదియైదు కిలోల విత్తనమును వలయును. నారు పోసిన ఇరువదియైదు ముప్పది దినములకు పీకి నాటుదురు. పూర్వము మన జిల్లాకు పేరు తెచ్చినది మొలగొలుకులు. అది సుమారు ఆఱు నెలల పంట. ఆ బియ్యపు రుచిని ఎఱిగిన వృద్ధులు నేడును దానినే తలచుకొందురు. ఆఱు నెలల పైరు నేలపై నుండగా రెండవ పంటకు తావెక్కడిది? నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానమువారు క్రమక్రమముగా కురుచ కాలపు వంగడములను రూపొందించిరి. వానిలో ఎన్.ఎల్.ఆర్. 34449, అనగా రైతులు నెల్లూరు మసూరి యని పిలుచునది, నాలుగు నెలలు దాటి కొద్ది దినములకే కోతకు వచ్చును. అగ్గితెగులును కొంత తట్టుకొనును. వంగడపు కాలము తగ్గుటచే ఏటిలో ఖాళీ దొరకినది. ఆ ఖాళీయే రెండవ కారునకు చోటైనది.

నారు ఎప్పుడు పోయవలెను? అసలు చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ముందుగా పోసినచో నాట్లు నవంబరు నడుమకు వచ్చును. తుపానులు మన తీరమును తాకు కాలము సరిగా అదియే. లేత నారు నీట మునిగి మూడు నాలుగు దినములు తేలనిచో కుళ్లును. ఆలస్యముగా పోసినచో పైరు దుబ్బు చేయునప్పటికి పుష్యమాసపు చలి వచ్చును. రాత్రి చలి, తెల్లవారుజామున ఆకుపై నిలుచు మంచు, పగలు మబ్బు, ఈ మూడును కూడినప్పుడు అగ్గితెగులు చెలరేగును. ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చలు పడి, నడుమ బూడిదరంగు తిరిగి, మడి యంతయు కాలినట్లగును. వెన్ను వేళ సోకినచో కంకి మెడ విఱిగి తాలు మిగులును. యూరియా మితిమీఱి చల్లిన పచ్చని చేనే తెగులునకు మొదట లోనగుట మేము కన్నులార చూచితిమి. ప్రక్క చేనికంటె మన చేను నల్లగా ఉండవలెనను పట్టుదల మానవలసిన దురలవాటు.

తుపానులు మనకు క్రొత్త కాదు. 1927 నవంబరున వచ్చినది నెల్లూరు తుపాను అను పేరనే చరిత్రకెక్కినది. మనలో పలువురు చూచిన వానిని చెప్పెదము. 2021 నవంబరు 19వ తేదీన కడప మండలమున చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట కొట్టుకొనిపోయెను. పెన్న పొంగి, పడుగుపాడు కడ రైలుమార్గము తెగినది. జాతీయరహదారిపై రాకపోకలు నిలిచినవి. నదికి ఇరుప్రక్కల నాట్లు, నారుమళ్లు ఇసుక క్రింద పడినవి. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల కడ తీరము దాటిన మిచౌంగ్ తుపాను, అంతకుముందు మన తీరమునకు చేరువగా మెల్లమెల్లగా కదలుచు రెండు దినములు కురిసినది. అది తక్కువ వానతో మొదలైన సంవత్సరము. నీటికై ఆకాశము వంక చూచిన రైతే వారము తిరుగకుండ నీటిని తోడిపోయవలసివచ్చెను.

పైన చెప్పిన కోవూరు బాలుని తండ్రి కౌలుదారు. నారు మునిగి, రెండవమాఱు విత్తనము కొని పోసిరి. రెండవమాఱు దున్నుడు కూలి, నాటుకూలి అప్పు చేసిరి. కౌలు మాత్రము భూస్వామికి ముందే చెల్లించియుండిరి. నష్టపరిహారమునకై వ్రాసిన పట్టికలో చేను ఎవరి పేర నున్నదో వారి పేరే ఎక్కినదట. ఈ సంగతి బాలుడు మాతో చెప్పలేదు. రుసుము గడువు దాటినప్పుడు తల్లి వచ్చి చెప్పినది. ఆ నెలలో వాడు పదునొకండు దినములు మానెను. మేము ఆ పదునొకండు దినములకును ఎఱ్ఱసిరా గీత పెట్టియుంటిమి.

ఇక నీటి లెక్క. ఇది పై తరగతులవారికి. ఒక ఎకరముపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసినచో 4047 లీటర్ల నీరగును. వరికి నారు మొదలు కోత వఱకు సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు వలయునందురు; అనగా ఇంచుమించు నాలుగడుగులు. మన ఏటి వాన యంతయు ఒక్క బొట్టు పోకుండ మడిలో నిలిచినను ఒక కారునకు చాలదు. వచ్చిన వానలో కొంత కాలువలబడి సముద్రమున కలియుచుండగా, తక్కిన నీరెక్కడిది? పెన్న తెచ్చును.

పెన్న మన నది యని మనమనుకొందుము గాని, దాని పుట్టుక కన్నడదేశమున నందికొండలయందు. అనంతపురము, కడప మండలముల మీదుగా చిత్రావతి, పాపాఘ్ని, కుందు, సగిలేరు, చెయ్యేరులను కలుపుకొని, కనుమలను చీల్చుకొని సోమశిల కడ మన జిల్లాలో దిగును. ఊటుకూరు కడ సముద్రమున కలియును. మొత్తము నడక సుమారు 597 కిలోమీటర్లు. కావున మన మడిలో నీరు నిలుచుట, మనము చూడని ఊళ్లలో కురిసిన వానపైకూడ ఆధారపడియున్నది. సోమశిల జలాశయము 78 టి.ఎం.సి. పట్టును. టి.ఎం.సి. యనగా నూఱు కోట్ల ఘనపుటడుగులు. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు గదా. నాలుగడుగుల లోతున నిలిపినచో ఒక్క టి.ఎం.సి. నీరు ఎన్ని ఎకరములకు చాలునో మీరే భాగించి చూడుడు. 5700 పైచిలుకు వచ్చినచో మీ లెక్క సరియే. వాన కలిసివచ్చిన ఏడు అదే నీరు ఇంకను ఎక్కువ చేలకు పాఱును. సోమశిల నుండి వచ్చు నీటిని సంగము కడను, నెల్లూరు కడను నిలిపి కాలువలకు మళ్లింతురు. పందొమ్మిదవ శతాబ్దమునాటి ఆనకట్టల చోట క్రొత్త బారేజీలు 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభమైనవి. ఆ జలాశయపు నీటికి మనమే హక్కుదారులము కాము. సోమశిల నుండి కండలేరునకును, అచ్చటి నుండి 1996 మొదలు చెన్నపట్టణపు త్రాగునీటికిని పోవుచున్నది.

ఫిబ్రవరి చివర మొదలు ఏప్రిలు వఱకు పెద్దకారు కోతలు. మన జిల్లాలో ధాన్యమును పుట్లలో చెప్పుకొందురు. పుట్టికి ఇరువది తూములు, తూనికకు 850 కిలోలు. ప్రభుత్వపు మద్దతుధర క్వింటాలు లెక్కన నుండును గనుక ఇంటిలో లెక్క తెలిసిన పిల్ల యున్న మేలు. 2024–25 సంవత్సరమున ఏ-గ్రేడు ధాన్యమునకు క్వింటాలుకు 2320 రూపాయలు. ఆ లెక్కన పుట్టికి 19,720 రూపాయలు. తేమ నూటికి 17 పాళ్లు మించరాదని నియమము. కళ్లములో తేమ ఎక్కువ యని చెప్పి పుట్టికి ఇన్ని కిలోలు తఱుగు తీయు వ్యాపారులు కలరు. ఒక విద్యార్థిని, తన యింటి ధాన్యమునకు తీసిన తఱుగును లెక్కగట్టి నోటుపుస్తకములో వ్రాసి, తండ్రికి చదివి వినిపించినది. మఱునాడు ఆయన తూనిక కడకు ఆమెను వెంట దీసికొనిపోయిరి. ఆ దినము కూడ గైరుహాజరే.

కోతలు జరుగుచుండగనే ఎడగారు మాట పుట్టును. ఏప్రిలులో నారు పోసి, మేలో నాటి, ఆగస్టు, సెప్టెంబరులలో కోయు పంట ఇది. ఈ కారునకు వానను నమ్ముటకు లేదు. జలాశయమున మిగిలిన నీరే దిక్కు. జిల్లా సాగునీటి సలహామండలి కూడి, ఇన్ని ఎకరములకు నీరిత్తుమని తీర్మానించును. ఆ మాట వెలువడువఱకు పెన్న డెల్టాలో ఎవ్వరును ట్రాక్టరు దింపరు. వేసవియెండలో తెగులు తక్కువ, సూర్యరశ్మి ఎక్కువ. నీరు పాఱినచో దిగుబడి మంచిదే. మునిగిన కారు నష్టమును పూడ్చుకొనుటకు కౌలుదారునకున్న ఒక్క అవకాశమును ఇదియే. మొదటి బాలుని సంతోషమునకు కారణము తెలిసినది గదా.

రెండవ బాలుని చిన్నబోయిన ముఖమును గూర్చి చెప్పవలెను. ఉదయగిరి, రాపూరు వైపు మెట్టభూములలో వేసవి వచ్చునప్పటికి గడ్డి మాడిపోవును. అప్పుడు కాపరులు మందలను తోలుకొని పల్లమునకు దిగుదురు. కోసిన వరిమళ్లలో మోళ్లు, గట్లపై పచ్చిక, కాలువల అడుగున తడి, ఇవి గొఱ్ఱెలకు మూడు నెలల మేత. ప్రతిఫలముగా రాత్రివేళ చేలలో మంద కట్టుదురు. మంద పండుకొన్న మడికి ఆ యేటి ఎఱువు చాలవఱకు అమరును. రైతు కాపరికి ధాన్యమో రొక్కమో యిచ్చును. ఎడగారు నాటిన ఏడు ఏప్రిలు నుండి ఆ మళ్లు మూతపడును. మంద ఎచ్చటికి పోవలెను? కాలువ గట్ల వెంబడి, బాటల ప్రక్కన తిరుగవలెను. రొయ్యల గుంటలు విస్తరించిన తీరపు గ్రామములలో మేతయు లేదు, త్రాగుటకు తియ్యని నీరును లేదు. నిరుడు వాని తండ్రి మందను తోలుకొని జిల్లా దాటి పోయెనట. తల్లియు వెంట పోవుటచే, పిల్లవాడు పరీక్షలైనంతవఱకు బంధువుల యింట నుండెను.

నెల్లూరు గొఱ్ఱె సామాన్యమైనది కాదు. భారతదేశపు గొఱ్ఱెలలో ఎత్తైన జాతి యిదియే. ఒంటిపై ఉన్నికి మాఱు పొట్టి వెండ్రుకలుండును. పొట్టేళ్లకు కొమ్ములుండును, ఆడుగొఱ్ఱెలకు సాధారణముగా ఉండవు. తెల్లనివానిని పల్ల యనియు, తెల్లని యొడలిపై మూతి, కన్నుల చుట్టు నల్లమచ్చలు గలవానిని జోడిపి యనియు, ఎఱుపుగోధుమ రంగువానిని దొర యనియు అందురు. పొడవైన కాళ్లు దూరపు నడకకు పనికివచ్చినవే. వీనికి మన వానకాలమే పెద్దగండము. ఈశాన్యపు వానల తరువాత బురదలో పుట్టు చిన్న దోమలవంటి పురుగులు నీలినాలుక వ్యాధిని వ్యాపింపజేయును. మూతి వాచి, నోరు పుండై, గొఱ్ఱె మేయలేక కుంటుచు వెనుకబడును. తొలకరి జల్లులకు మొలచిన లేతగడ్డిని ఆబగా మేసినవానికి చిటుకు రోగము వచ్చి, సాయంకాలము బాగున్నది తెల్లవాఱునప్పటికి చచ్చి పడియుండును. రెంటికిని టీకాలు కలవు. అవి రోగము రాకముందు వేయింపవలసినవి, వచ్చిన పిమ్మట కాదు. మంద కదలి పోవుచుండునప్పుడు టీకా వేయువారి చేతికి చిక్కదు, ఇదియొక చిక్కు. కాపరి పిల్లలు తేదీ గుర్తుంచుకొని తండ్రికి జ్ఞాపకము చేయవలెను.

పశువుల మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లాలో కలియువఱకు నెల్లూరు జిల్లాలోనిదే. అందుచేత ఆ సీమ పశువులు సముద్రము దాటినప్పుడు మన జిల్లా పేరుతో పోయినవి. బ్రెజిల్ దేశమున నేడు నెలోరి యని పిలుచు తెల్లని పశువులు వాని సంతతియే. అచ్చటి మందలలో అధికభాగము ఈ రక్తము గలవియే. ఇచ్చట మాత్రము ట్రాక్టరు వచ్చిన పిదప కాడెద్దులు తగ్గినవి. మిగిలినవి పాడి బఱ్ఱెలు. కోతయంత్రము గడ్డిని తునకలుగా చేలో విడుచుటచే పూర్వమువలె గడ్డివాములు పెరళ్లలో కానరావు. కట్టలు కట్టు యంత్రమునకు వేఱుగ బాడుగ ఇయ్యవలెను. కోతల తరువాతి తడిలో పిల్లిపెసర చల్లిన రైతు పశువులకు మేతయు, నేలకు సత్తువయు రెండును పొందును. ఎడగారు వేయని ఏడు చేయదగిన పని యిది. ఇట్టి చేనికి కాపరియు రైతును ముందే మాటాడుకొని హద్దు పెట్టుకొన్న గ్రామములు కొన్ని మాకు తెలియును. ఒకవంక మళ్లు నాటుటకు, ఒకవంక మళ్లు మందకు. పెద్ద జగడములు లేకుండ వేసవి గడచుచున్నది. సలహామండలి తీర్మానము ఒక నెల ముందుగా వెలువడినచో ఇట్టి ఒప్పందములు మఱిన్ని గ్రామములలో కుదురునని మా తలంపు. ఏప్రిలులో తెలిసిన వార్తతో మందను వెనుకకు మఱల్చుట కష్టము.

వాన పూర్తిగా తప్పిన ఏడు ఈ వాదములకు తావే లేదు. 1876–78 సంవత్సరముల కఱవున మెట్టయు పల్లమును ఒక్కటే అయ్యెను. అప్పుడు మన తీరము వెంబడి బకింగ్‌హాము కాలువను కఱవుపనిగా త్రవ్వించిరి. ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు అందు మూడు మైళ్లకు పైగా పనిని గుత్తకు దీసికొని, వేలాదిమందికి కూలి కల్పించిరి. నేడు ఆ కాలువ చాలచోట్ల పూడిపోయి తుంగ మొలచియున్నది. విహారయాత్రకు పోయిన విద్యార్థులు దానిని మురుగుకాలువ యనుకొనిరి.

మన తోటలో ఈ యేడు ఒక వానమాపకమును నిలిపితిమి. వంకర లేని నిలువుడబ్బా, లోపల మిల్లీమీటర్ల కొలబద్ద. చెట్లకును గోడలకును దూరముగా నున్నది. వాతావరణశాఖవారి పద్ధతిని అనుసరించి ఉదయము ఎనిమిదిన్నరకు కొలిచి వ్రాయుదుము. రెండున్నర మిల్లీమీటర్లకు తక్కువైన దినమును వాన దినముగా లెక్కింపము. కోవూరు బాలుడు ఒకవారము, కాపరి బాలుడు ఒకవారము కొలుచుచున్నారు. రెండవవాడు తన నోటుపుస్తకమున మఱియొక వరుస గీసికొని, తండ్రి మంద ఏ రాత్రి ఏ ఊరి చేలో పండుకొన్నదో ఫోనులో అడిగి వ్రాసికొనుచున్నాడు. మేమును హాజరుపట్టీలో ఎఱ్ఱసిరా గీతకు ప్రక్కన ఒక సన్నని వరుస గీసితిమి. అందు ఇప్పటికి మూడు మాటలే వ్రాయబడినవి: నాట్లు, ముంపు, మంద.